ఎడమ పక్క వెనక చక్రం

హిందూపురంలో మాది ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, గొళ్ళాలు, గడపారలు, నట్లు, బోల్టులు అమ్ముతాం. పుట్టింది మొదలు ఆ తుప్పు వాసనలోనే పెరిగాను కాబట్టి ఇనుము గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. ఎవరైనా వచ్చి నట్టు అడిగితే ఇచ్చి ఊరుకోను. ఎక్కడ బిగిస్తారు, పాతది ఎలా పోయింది, విప్పేటప్పుడు చప్పుడు చేసిందా అని ఆరా తీస్తాను. కొందరు విసుక్కుని పక్క కొట్టుకు పోతారు. పోతే పోనీ. ఒక నట్టు ఎందుకు బిగుసుకుపోతుందో, దాని పక్కనే ఉన్న ఇంకోటి ఎందుకు దానంతటదే వదులైపోతుందో తెలుసుకోవడంలో ఉన్న సుఖం వాళ్ళకేం తెలుసు!

ఈ పిచ్చి ముదిరే పెనుకొండలో ఒక పాత జీపు కొన్నాను. నాలుగు చక్రాలూ లాగే రకం, కొండా గుట్టా ఎక్కుతుంది. మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంట్లో పాత ఇనుము చాల్లేదా, ఇదొకటి తెచ్చినారు?" అంది. ఆమెది ధర్మవరం. పుట్టింట్లో నాలుగు మగ్గాలు ఉన్నాయి. పట్టు తప్ప ఇంకేదీ ఆమె కంటికి ఆనదని నేను ఎదురు దెప్పాను.

ఆ జీపు నాకు నేర్పిన మొదటి వింత చక్రాల నట్ల గురించే. మనకు తెలిసిన నట్లన్నీ కుడికి తిప్పితే బిగుస్తాయి, ఎడమకు తిప్పితే వదులవుతాయి. ఇలాంటి పాత జీపుల్లో మాత్రం ఎడమ పక్క రెండు చక్రాలకు ఈ లెక్క తారుమారు. అక్కడ కుడికి తిప్పితేనే ఊడతాయి. చక్రం తిరిగే ఊపుకు నట్లు వాటంతటవి వదులు కాకుండా అలా చేశారట. ఈ సంగతి తెలిసిన రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు. పెన్సిలుకు దారం చుట్టి అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుంటూ కూర్చున్నాను. తర్వాత ఏడాది పొడుగునా కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఆ పాఠం చెప్పాను. వద్దన్నవాళ్ళకు కూడా చెప్పాను.

ఇక మా అక్క సంగతి. సోమందేపల్లికి ఎగువన, కొండ కింద, అక్కా బావలకు మల్బరీ తోట ఉంది. పట్టుపురుగులు పెంచి, గూళ్ళు తెచ్చి హిందూపురం మార్కెట్లో అమ్ముతారు. వరసగా రెండు పంటలు పోయాయి. పురుగులు జబ్బు చేసి, గూడు కట్టకుండానే చచ్చిపోయాయి. మూడో పంట నడుస్తుండగా బావ నాకు ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"ఏమప్పా, మీ అక్కకు చెప్పొద్దు. బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటు కాడ వాచ్‌మెన్ పని చూసుకున్నా. దుడ్లు నెలనెలా వస్తాయి. ఈ పంట గూడా పోయిందంటే తోట పీకేసి ఆడికి పోతా."

"అక్క ఒప్పుకుంటాదా బావా?"

"అందుకే చెప్పొద్దంటాండా."

అప్పట్నుంచి అక్క ఫోన్ చేసినప్పుడల్లా కొట్టులో బేరం ఉందని చెప్పి తొందరగా పెట్టేసేవాణ్ణి. ఆమెకు ఆ తోట అంటే ప్రాణం. ఆకు కోసేటప్పుడు ఏ కొమ్మను ఎక్కడ కోయాలో ఇంకెవర్నీ నమ్మదు. ఆమె తోట నిలవడమా పోవడమా అన్నది ఆ ఒక్క పంట మీద ఉందని నాకు తెలుసు, బావకు తెలుసు. ఆమెకు తెలియదనుకున్నాం.

దేవుడి దయవల్ల మూడో పంట పురుగులు బాగా తిన్నాయి, గూళ్ళు కట్టాయి. అయితే గూళ్ళు విడిపించే రోజుల్లో ముసురు పట్టుకుంది. రెండు రోజులు ఆలస్యమైంది. తోట దగ్గరికి పోయే బాట కోసుకుపోయి, ఎప్పుడూ వచ్చే ఆటో రానంది. అక్క నాకు ఫోన్ చేసింది. "నీ జీపు ఎందుకన్నా పనికొస్తాదా?" అని అడిగింది. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

ముందురోజు సాయంత్రమే నేనూ మా ఆవిడా పోయాం. పట్టును దారంగానే చూసింది గానీ గూడుగా చూడలేదు ఆమె. వెదురు తట్టల్లోంచి గూళ్ళు విడిపిస్తూ, ఒక్కోదాన్నీ వేళ్ళ మధ్య దొర్లించి, "ఇంత చిన్నదాంట్లో అంత పొడుగు పోగు ఎట్ల పట్టింది వదినా?" అని అక్కను అడుగుతూనే ఉంది. నా పిచ్చి ఆమెకూ అంటుకుందని నాకు లోపల్లోపల సంతోషమేసింది.

తెల్లవారగానే గూళ్ళ సంచులు జీపు వెనక ఎక్కించాం. ఆ రోజే మార్కెట్‌కు చేరాలి. మర్నాడు మార్కెట్‌కు సెలవు. ఆ పైన ఆగితే లోపలి పురుగుకు రెక్కలొచ్చి గూడు తొలుచుకుని బయటికొచ్చేస్తుంది. తొలిచిన గూటి నుంచి దారం తీయలేరు, కాబట్టి దాన్ని ఎవరూ కొనరు. ఈ మాట అక్క జీపు ఎక్కుతూ ఒకసారి, ఎక్కాక ఒకసారి చెప్పింది.

బాటలో సగం దూరం దిగామో లేదో, ఒక రాతి అంచు ఎడమ పక్క వెనక టైరును పక్కన కోసేసింది. గాలి బుస్సుమని పోయింది. నేను ఏమాత్రం కంగారు పడలేదు. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, నా కొట్టులో సగం సామాను జీపులోనే ఉంది. "పది నిమిషాలు అక్కా," అన్నాను.

సంచులు దింపి, గాలి తగలడానికి మూతులు విప్పి, చింతచెట్టు నీడలో పెట్టాం. చక్రానికి ఐదు నట్లు. మొదటిదానికి స్పానర్ తగిలించి కుడికి తిప్పబోయాను.

"ఎడమకు గదా తిప్పల్ల?" అన్నాడు బావ.

నేను దానికోసమే కాచుకుని ఉన్నవాడిలా లేచి నిలబడ్డాను. ఎడమ పక్క చక్రాల కథంతా మొదట్నుంచి చెప్పాను. బావ తల ఊపాడు. అక్క ఎండ వైపు చూసింది.

మొదటి నట్టు కదలలేదు. స్పానర్‌కు ఇనుప పైపు తొడిగి బావా నేనూ కలిసి తోశాం. కిర్రుమని కాస్త తిరిగి ఆగిపోయింది. "వస్తాంది!" అన్నాను. రెండోది కూడా అలాగే కాస్త తిరిగి ఆగింది. మూడోదానికి స్పానర్ జారి, నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోయింది. డీజిల్ పోశాను. సుత్తితో తట్టాను. తుప్పు అన్నాను, వాన అన్నాను, పాత ఇనుము గుణం అన్నాను.

బావ ఫోన్ తీశాడు. సిగ్నల్ కోసం బండరాయి ఎక్కి, బిగుసుకున్న నట్టు విప్పే వీడియో ఒకటి వెతికి నా ముందు పెట్టాడు. అందులో మనిషి ఎడమకు తిప్పుతున్నాడు.

"అది కారు బావా. ఇది జీపు," అన్నాను.

"ఏమోనప్పా, నాకేం తెల్సు," అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మళ్ళీ మొదటి నట్టుకు వచ్చాం. ఈసారి నేను పైపు మీదికెక్కి నిలబడ్డాను. బావ నా భుజాలు పట్టుకుని కిందికి తొక్కాడు. టప్‌మని చప్పుడైంది, నేను కింద పడ్డాను. "ఊడింది!" అని అరిచాను. నిజంగానే నట్టు ఊడి బయటికొచ్చింది, కాకపోతే అది పట్టుకున్న బోల్టు ముక్కతో సహా. లోపల మిగిలింది విరిగిన మొండెం. చెట్టు నీడ అప్పటికే పక్కకు జరిగింది. అక్క లేచి, సంచుల మీద ఎండ పడకుండా అడ్డంగా నిలబడింది. తన నీడ చాలడం లేదని పైట తీసి రెండు చేతులతో పట్టుకుంది.

మా ఆవిడ ఆ విరిగిన ముక్క తీసుకుంది. సీసాలో నీళ్ళు పోసి కడిగి, పైటతో తుడిచింది. బొటనవేలి గోటితో దాని మీది గాట్ల వెంట మెల్లగా గీసుకుంటూ పోయింది. నేను విసుగ్గా, "అదేమన్నా పట్టు పోగా?" అన్నాను.

ఆమె ఆ ముక్క పట్టుకుని జీపు అవతలికి, కుడి పక్క చక్రం దగ్గరికి పోయింది. అక్కడ నట్లలోంచి కాస్త బయటికొచ్చిన బోల్టు కొసల మీద కూడా గోరు పెట్టి గీసి చూసింది. చేతిలోదాన్ని దాని పక్కన పెట్టింది. మళ్ళీ గీసింది.

ఆమె వేళ్ళ సంగతి ఇక్కడ చెప్పాలి. ధర్మవరంలో మగ్గం మీద ఒక పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా కలిపి, వేళ్ళతో మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు అలా అతకాలి. అచ్చు అతకడం అంటారు దాన్ని. ఎక్కువగా ఆడవాళ్ళ పని. పోగు మెలిక ఏ పక్కకు ఉంటే ఆ పక్కకే తిప్పాలి, ఎదురు తిప్పితే అతుకు విడిపోతుంది. ఆ మెలిక కంటికి ఆనదు, వేలికే తెలియాలి. ఆమె పదేళ్ళ వయసు నుంచి పెళ్ళి దాకా ఆ పని చేసింది. మా ఇంటికి వచ్చాక ఆ వేళ్ళకు పని లేకుండా పోయింది. ఇన్నేళ్ళలో ఆ పని గురించి నేను ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఊళ్ళో వాళ్ళందరినీ నట్ల గురించి అడిగేవాణ్ణి.

"ఈడికి రాండి," అని పిలిచింది. పోయాం.

"కుడి పక్క చక్రానివి ఎడమకు తిప్పితే ఊడతాయంటిరి గదా?"

"అవును."

"ఎడమ పక్కవాటికి గాట్లు ఎదురుగా వాలుండల్ల గదా?"

"ఉండాలి మరి."

"ఇదీ అదీ ఒకే పక్కకు వాలుండాయి. మీరే గీసి చూడండి. అట్లయితే రెండూ ఎడమకే ఊడల్ల. మీరు పొద్దున్నుంచి బిగిస్తాండారు."

గోరు పెట్టి గీశాను. గీయకపోయినా తెలిసిపోయేదే. అప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఏడాది ఆ చక్రం వెనక బ్రేకు డ్రమ్ము పగిలితే మార్పించాను. మేస్త్రీ ఎడమ మర బోల్టులు, అంటే గాట్లు ఎదురుగా వాలినవి, ఐదు కావాలన్నాడు. నా కొట్టులో అవి లేవు. లేవని చెప్పడానికి నామోషీ అయి, మామూలువే నట్లతో సహా ఇచ్చి, ఇవే వెయ్యమన్నాను. "మరి నువ్వు గుర్తు పెట్టుకోవల్లప్పా, ఈ చక్రానికి మాత్రం ఎడమకే విప్పల్ల," అన్నాడు అతను. "నాకు చెప్తాండావా?" అన్నాను నేను. ఆ బోల్టులు నా కొట్టువి, నా చేత్తో ఇచ్చినవి. జీపు గురించి ఏమీ తెలియనివాడెవడైనా మామూలుగా ఎడమకు తిప్పి పది నిమిషాల్లో చక్రం మార్చేసి ఉండేవాడు. తెలిసినవాణ్ణి కాబట్టే నేను బిగించాను.

ఇదంతా అక్కడే నిలబడి చెప్పాను. బావ నవ్వబోయి అక్క ముఖం చూసి మానుకున్నాడు.

నా బలమంతా పెట్టి బిగించినవాటిని ఇప్పుడు విప్పాలి. పైపు తొడిగి ఎడమకు తోశాం. రెండో నట్టు పెద్ద కేక పెట్టి వదిలింది. తర్వాత ప్రతి చుట్టుకూ తేలికవుతూ వచ్చింది. నాలుగోది, ఐదోది నేను ముట్టుకోనేలేదు కాబట్టి సులువుగానే వచ్చాయి. మూలలు అరిగిపోయిన మూడోది మాత్రం స్పానర్‌కు దొరకలేదు. బావ ఉలి తీసుకుని దాని అంచుకు ఏటవాలుగా ఆనించి, ఎడమ వైపుకు సుత్తితో కొట్టాడు. అది పచ్చడైంది గానీ, కొట్టగా కొట్టగా కొంచెం కొంచెంగా తిరిగింది. బావ ముఖమంతా చెమట. ఒక్కో దెబ్బకూ నేను ఎటు కొట్టాలో చెప్పబోయి నోరు మూసుకున్నాను. అది కింద పడగానే అక్క, "ఇంక బిగించండి, ఎక్కండి," అంది.

పచ్చడైన నట్టు బదులు నా సామానులోంచి ఇంకోటి తీసి, స్టెప్నీ నాలుగు నట్ల మీదే బిగించి బయలుదేరాం. ఐదో బోల్టు లేదు కాబట్టి మెల్లగా పోవాలి, మార్కెట్లో వేలం అయిపోతుంది కాబట్టి వేగంగా పోవాలి. నేను మెల్లగానే పోయాను. దారిలో మా ఆవిడ ఒక గూడును చెవి దగ్గర ఆడిస్తూ, "ఇంకా గలగలంటాంది వదినా, లోపల బాగానే ఉండాది," అని అక్కకు చెప్పింది.

మేం చేరేసరికి మార్కెట్లో సగం తట్టలు ఖాళీ అయిపోయాయి. గూళ్ళు తట్టల్లో పోశాం. కొనేవాడొకడు వచ్చి రెండు గూళ్ళు బ్లేడుతో కోసి లోపల చూశాడు. ఆ రెండు క్షణాలు అక్క కళ్ళు మూసుకుంది. పురుగుకు ఇంకా రెక్కలు రాలేదు. "రేపటికైతే పనికిరాకపోవును," అన్నాడు అతను. ఇంకో ఇద్దరు వచ్చారు. మా తట్టలు మంచి ధరకే పోయాయి. నేను గట్టిగా ఊపిరి వదిలాను. బావ గోడకు ఆనుకుని అలాగే కిందికి కూర్చున్నాడు.

నలుగురం టీ తాగుతున్నాం. అక్క గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఒరే, నిజం చెప్పు. తప్పు పక్కకు తిప్పుతాండావని నీకు ఎప్పుడు తెల్సింది?"

"ఆ ముక్క గీసి చూసినప్పుడే కదా."

"నిజం చెప్పు."

చిన్నప్పటి నుంచి ఆ గొంతుకు నేను అబద్ధం చెప్పలేను. వదులయ్యే నట్టు తిరిగేకొద్దీ తేలికవుతుంది, బిగుసుకునేది తిరిగేకొద్దీ బరువవుతుంది. పైపు పట్టుకున్న చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ఇనుప కొట్టువాడి చేతికి ఇంకా ముందే తెలుస్తుంది.

"రెండో నట్టు కాడ అనుమానం వచ్చింది," అన్నాను.

"మరి?"

"బావకు అంత పాఠం చెప్తి గదా అక్కా. ఎట్ల చెప్పేది?"

మా ఆవిడ తల దించుకుంది. అక్కకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా గూళ్ళు ఎండలో పెట్టి నువ్వు ఊరికే బిగిస్తా ఉంటివి. పోయిన పంట పురుగు జబ్బు పడిందని మీ బావకు గూడా ముందే అనుమానం. నేను భయపడతానని రెండు దినాలు చెప్పలే. చెప్పింటే సగమన్నా వేరు చేసి బతికించుకుందును. మాట పోతాదని మీకు భయం. ఆడ పోయేది నా పంట."

పెద్ద వయసు వచ్చాక ఒక మనిషి ముందు సిగ్గుతో అంత చిన్నవాణ్ణయింది ఆ రోజే.

బావ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా, "నేను గూడా ఒకటి చెప్పల్ల," అన్నాడు.

"బెంగళూరు సంగతి గదా?" అంది అక్క.

బావ నా వైపు చూశాడు. నేను కాదన్నట్టు తల ఊపాను.

"వాడు చెప్పలేదులే. తెల్లచొక్కాలు రెండు కొత్తవి కుట్టించుకుని పెట్టె అడుగున దాస్తివి. తోటకాడ తెల్లచొక్కా ఎవురేసుకుంటారు? బెంగళూరు నుంచి ఫోన్ వస్తే ఇంటెనక్కి పోయి మాట్లాడితివి. నెల నుంచి తెల్సు. నువ్వే చెప్తావని చూస్తాండా."

అక్క చెయ్యి చాపి, బావ చొక్కా జేబులోంచి ఫోన్ తీసి, అతని చేతిలో పెట్టింది.

"ఇప్పుడే చెయ్యి. నా ముందర."

బావ నంబరు నొక్కాడు. అవతలివాడు ఎప్పుడొస్తున్నావని అడిగినట్టున్నాడు. బావ గొంతు సవరించుకుని, అక్కను చూస్తూ, "రాలేను సార్. ఈడ పని ఉండాది," అన్నాడు.